సముద్రానికి బాయి తాడు కట్టిన కథ

అండమాన్ పోయొచ్చిన ప్రతి మనిషి ముందుగాల జైలు సంగతి చెప్తడు. నేను జైలు చూడలే. మేం పోర్ట్ బ్లేర్ల దిగిన పొద్దు జైలు మూసి ఉండె, చిన్న దీవికి పోయే ఓడ తెరిచి ఉండె. జైలు కోసం చదివేటోళ్లు ఇక్కన్నే ఆగి వేరే పుస్తకం పట్టుకోవచ్చు, నాకేం బాధ లేదు. ఇది అల మీద చెక్క ఏసుకొని నిలబడాలని గోదావరిఖని నుంచి బయలెల్లిన ఒక మనిషి సంగతి. ఆ మనిషి నడుముకు తాడు కట్టి పట్టుకున్న ఇంకో మనిషి సంగతి సుత. తాడు పట్టుకున్నది నేను.

నేను బొగ్గు బాయిల హాలేజీ నడుపుత. తెల్వనోళ్లకు ఒక్క ముక్కల చెప్త. భూమిలోకి ఏటవాలుగ ఒక దారి ఉంటది. దాంట్ల పట్టాలు, పట్టాల మీద బొగ్గు టబ్బులు, టబ్బులకు ఇనుప తాడు. పైన ఆ తాడును చుట్టే యంత్రం కాడ నేను కూసుంట. కిందున్నోడు నాకు కనవడడు, నేను వానికి కనవడ. మా మధ్యల ఉన్నదల్ల ఒక బెల్లు. ఒక్క బెల్లు కొడితే ఆపాలె. రెండు కొడితే కిందికి దించాలె. మూడు కొడితే పైకి గుంజాలె. ఎందుకు, ఏంది అని అడిగేది లేదు. మొగడు పెండ్లాల మధ్య సుత ఇంత సాఫ్‌గ మాట నడవదు.

బసంత్‌నగర్ల చేసిన చెక్క

రహీం మా పక్క క్వార్టర్ల పెరిగినోడు. చౌరస్తా ఎనుక మోటర్‌సైకిల్ మెకానిక్. వానకాలం గోదావరి నిండుగ పోయేటప్పుడు ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు ఈదిపోయి, బీడీ తాగి, మళ్ల ఈదొస్తడు. బీడీ తడవకుంట ఎట్ల తీస్కపోతడని జనం అడిగేటోళ్లు. తీస్కపోడు. ఆ ఒడ్డు మీద ఎవలనో అడుక్కుంటడు.

కాలనీకి కొత్తగ కేబుల్ టీవీ వచ్చిన రోజులు. చాయ్ హోటల్ల ఆటల చానల్ పెట్టిండ్రు. దాంట్ల ఎక్కడిదో దీవి, కొండంత అల, ఆ అల మీద చెక్క ఏసుకొని ఒకడు నిలబడి వస్తున్నడు. రహీం గ్లాసు కింద పెట్టి, "గిది నేను చేస్త" అన్నడు.

"ముందుగాల చాయ్ తాగు, సల్లారుతది" అన్నడు హోటల్ సేటు.

సంగతి అక్కడికే అయిపోవాలె. గానీ ఆ ఎండకాలమే రహీం వాళ్ల నాయిన ఖాసిం కాకకు కండ్లు మసకలైనయ్. మెడికల్ అన్‌ఫిట్ అయిండు. కాక ఉద్యోగం కొడుక్కు వచ్చింది. వానలు పడంగనే ట్రైనింగు. కాలనీ అంత సంబరపడ్డది. మిఠాయిలు పంచిండ్రు. నేను రెండు తిని, "ఇగ నీకు పిల్లనిస్తర్రా" అన్న.

"సమ్మీ, ముప్పై ఏండ్లు భూమి కింద ఉండాలె" అన్నడు రహీం. "అంతకు ముందు ఒక్కపాలి నీళ్ల మీద నిలబడి పోత."

"నిలబడకుంటే?"

"గప్పుడు సుత పోవుడే. గానీ వట్టి చేతులతోని పోయినట్టుంటది."

దీనికి జోకు ఏమన్న ఉన్నదా అని ఎదికిన. దొరకలే. నేను బాయిల దిగేటప్పుడు చేతుల టిఫిన్ డబ్బా తప్ప ఏం లేకుండె.

అసొంటి అలలు మన దేశంల అండమాన్ల ఉంటయని ఎవలో చెప్పిండ్రు. నాకు సెలవు ఉండె, కంపెనీ ఇచ్చే ప్రయాణపు ఖర్చు ఉండె. మా దాంట్ల అందరు దానితోని తిరుపతి పోతరు, కొంచెం ధైర్యమున్నోళ్లు కాశీ పోతరు. "అండమాన్ తోవల కాశీ తగులుతదా?" అని అడిగింది మా అవ్వ. "కాశీకి జర కుడి దిక్కుంటది" అన్న. ఆమె నిమ్మలపడ్డది.

చెక్క బసంత్‌నగర్ల చేయించినం. అక్కడ సిమెంటు లారీలకు బాడీలు కట్టే మేస్త్రి ఉన్నడు. టేకు వద్దు మునుగుతదని బూరుగు మొద్దు తెచ్చి, మనిషి కన్న పొడుగు పలక కోసి, ముందటి కొస పైకి లేపి చిత్రిక పట్టిండు. ఇగ రంగులేసే ఆయనకు లారీలు తప్ప వేరే పని రాదు. పసుపు రంగేసి, ఎనుక దిక్కు రెండు పెద్ద కండ్లు గీసి, "దూరం పాటించుము" అని రాసిండు. ముందర ఏ దేవుని పేరు రాయాలె అని అడిగిండు.

"దీని మీద ఒకడు నిలబడ్తడు, ఒకడు చూస్తడు" అన్న నేను.

"అయితే ఇద్దరిది రాస్త" అని 'శ్రీ' రాసి, దాని పక్కన '786' ఏసిండు.

బయలెల్లే పొద్దు రహీం వాళ్ల అమ్మ డబ్బనిండ ఖజూర్లు పోసింది. గోధుమపిండి, బెల్లం కలిపి నూనెల గోలించిన బిళ్లలు, పల్లు గట్టిగున్నోళ్ల తిండి. డబ్బ రహీంకు ఇచ్చి, రహీంను నాకు ఇచ్చింది. "బేటా, వీన్ని నీ చేతుల పెడ్తున్న" అన్నది. వీడు నాకన్న ఏడాది పెద్దోడు, అడుగున్నర పొడుగు. సరే అమ్మీ అన్న. అందుకే సంచిల బట్టల కింద బాయిల పాతదైపోయిన నారతాడు చుట్ట ఒకటి పెట్టుకున్న.

ఓడ అంటే రెండో షిఫ్టు

పెద్దపల్లి స్టేషన్ల మా చెక్కను చూసి టికెట్ల సారు, "మంచానికి కాళ్లేవి?" అన్నడు. అక్కడ పోయి కొంటం సార్ అన్న. విశాఖపట్నంల కూలీ ఏ దుకాణం బోర్డు అని అడిగిండు. మెకానిక్ షాపు అన్నడు రహీం. అబద్ధం గాదు.

ఓడల చవుక టికెట్టోళ్లు అడుగున ఉంటరు. ఇనుప మెట్లు దిగి పోవాలె. దిగుతుంటే వేడిగాలి, డీజిల్ వాసన, మసక బల్బులు, గుయ్యిమనే ఫ్యాన్లు. నాకు బాయిల లెక్క హాజరు మస్టర్ ఎక్కడ ఏస్తరో అని కండ్లు ఎదికినయ్. పై అంతస్తుల ఉన్నోళ్లు వచ్చి ముక్కు మూసుకొని పోయేటోళ్లు. నేను మాత్రం సొంతింట్ల పన్నట్టు పన్న.

గోదావరిని బీడీ కోసం దాటేటోడు ఓడ కదలంగనే పడిపోయిండు. తిన్న ఖజూర్లన్ని వరసగ వాపస్ ఇచ్చిండు. పక్క బంకు మీద ఒక నడివయసు ఆడామె చూసి చూసి, చింతపండు ఉండ ఉప్పుల అద్ది వాని దవడల పెట్టింది. ఆమె పేరు పైడమ్మ. శ్రీకాకుళం దిక్కు ఊరు. మొగనితోని పోర్ట్ బ్లేర్ల చేపల యాపారం, చెల్లె కూతురి పెండ్లికి పోయి వస్తున్నది.

"ఏటి బాబూ, ఆ తలుపెవరింటికి ఒట్టుకెల్తన్నారు?" అన్నది చెక్కను చూపించి.

తలుపు గాదు అక్కా, అల మీద నిలబడేదని చెప్పిన.

"అల మీద నిలబడ్డానికా?" ఆమె రహీంను కింది నుంచి మీది దాక చూసింది. రహీం అప్పుడు బకెట్ల తలపెట్టి ఉన్నడు. "ముందు ఓడ మీద కూకోమను."

రహీం తల ఎత్తకుంటనే, "మీ ఆయన రోజు సముద్రంల పోతడు గద అక్కా, ఎప్పుడన్న నిలబడ్డడా?" అన్నడు.

"ఎందుకు నిలబడతాడు? చేపలేటి కింద నుంచి సూసి చప్పట్లు కొడతాయా? ఎల్తాడు, వల ఏస్తాడు, వస్తాడు, తొంగుంటాడు. ఇంతకీ మీరేటి చేస్తారు బాబూ ఊల్లో?"

బొగ్గు బాయి అని చెప్పిన. భూమి కింద మైలు, మైలున్నర పోతమని, మీద బండ ఉంటదని, దానికి కట్టెల ఆసరా పెడ్తరని. ఆమె చేతుల చింతపండు పక్కన పెట్టింది.

"అంత బరువు కిందా? ఊపిరెలాగాడుద్ది? నానైతే సచ్చినా దిగను" అన్నది. నడి సముద్రంల, నీళ్ల కింద ఉన్న అంతస్తుల కూసోని అన్నది.

రహీం బకెట్ల కెల్లి తల తీసి మొదటిసారి నవ్విండు. "సమ్మీ, ఆమెకు మన బాయి భయం, మనకు ఆమె సముద్రం భయం. అదలబదలు చేసుకుంటే?"

"చేసుకున్నా నువ్వు కక్కుతనే ఉంటవ్" అన్న.

పోర్ట్ బ్లేర్ల టమాట

పోర్ట్ బ్లేర్ల ఎటు చూసినా తెలుగే. చేపల అంగడంత శ్రీకాకుళం. ఆటో ఆయన, చాయ్ ఆయన, మమ్ముల మోసం చేసిన ఆయన, అందరు మనోళ్లే. టమాటలు మాత్రం మనకాడ యాపిల్ పండ్లు అమ్మినట్టు అమ్ముతున్నరు, ఓడ మీద రావాలె గద. ఒకామె టమాటను వత్తి చూస్తే అమ్మేటామె చెయ్యి మీద కొట్టింది. చేపకు మాత్రం లెక్కలేదు. అడిగినదానికన్న ఒకటి ఎక్కువ ఏస్తరు. మా దిక్కు కూరగాయల అవ్వ కరివేపాకు ఏసినట్టు.

పైడమ్మ ఇంటికి తీస్కపోయి ఎండుచేప పులుసు పెట్టింది. చిన్న దీవికి ఓడ పొద్దుగాలే ఉన్నదని చెప్పి మమ్ముల పంపుతు, రహీంతోని, "నిలబడినా పడినా, వచ్చేటప్పుడు చెప్పి ఎల్లు" అన్నది. పోర్ట్ బ్లేర్ల మేం చూసిన దర్శనీయ స్థలం ఆమె వంటిల్లు.

కిలోమీటర్ల ఊర్లు

మా దగ్గర బాయిలకు నంబర్లుంటయ్. రెండో నంబర్, ఐదో నంబర్, అంటే అందరికి తెలుస్తది. ఆ చిన్న దీవిల ఊర్లకు కిలోమీటర్లున్నయ్. రేవు కాడికెల్లి పదకొండో కిలోమీటరు, పదహారో కిలోమీటరు. ఊరి పేరు అడిగితే బోర్డు మీద ఇంకొకటి ఉంటది, దాన్ని ఎవలు పిలువరు. నాకు మస్తు నచ్చింది. కొత్తగ వచ్చినోడు తోవ తప్పే అవకాశమే లేదు. మేం తప్పినం, అది వేరే సంగతి. ఉన్న ఒక్క రోడ్డు మీద ఉల్టా దిక్కు పోయినం.

అడవిల దుంగలను ఏనుగులు గుంజుతున్నయ్. నేను ఆగి చాలసేపు చూసిన. మా యంత్రం చేసే పనే. బెల్లు లేదు, మావటి మెడ ఎనుక కాలితోని తడితే అడుగేస్తది, తడితే ఆగుతది. "నీ ఉద్యోగం గుంజుకుంటది చూడు" అన్నడు రహీం. దానికి యూనియన్ లేదన్న.

మేం దిగింది నికోబారీల పల్లెల, టైటస్ అనే ఆయన ఇంట్ల. ఇల్లు గుంజల మీద ఉంటది, కింద పందులు తిరుగుతయ్. పొద్దుగూకంగ కొబ్బరికాయలు పగలగొట్టి పందులకు ఏస్తరు. మన దిక్కు కొబ్బరికాయ దేవునికి కొడ్తం, మనం తింటం. వాళ్లు పందికి కొడ్తరు, పందే తింటది. ఎటు చూసినా వాళ్ల దగ్గరే ధర్మం ఎక్కువున్నది. రహీంకు పంది ఒద్దని టైటస్ భార్య మార్తాకు చెప్తే, ఆమె ఏమనుకోకుంట మాకు వేరే కుండల చేప, కొబ్బరిపాలు పోసి వండింది. దానిలకు మొగిలిపండు ఉడకబెట్టి చేసిన ముద్ద. చూస్తే మన సంకటి, తింటే గుమ్మడికాయ.

రహీంది ఇంట్ల మాట్లాడే దక్కనీ, టైటస్‌ది దీవి హిందీ. ఒకరి హిందీని చూసి ఇంకొకరు జాలిపడ్డరు. పని మాత్రం నడిచింది.

"దేని కోసం వచ్చిండ్రు?" అని అడిగిండు టైటస్. రహీం చెక్క చూపించిండు. టైటస్ దాని చుట్టు తిరిగి, గీసిన కండ్లల్లకు చూసి, "ఇది నిన్ను చూస్తున్నది, నువ్వు దీన్ని చూడలే ఇంక" అన్నడు. అర్థం గాలే. పెద్దమాట లెక్కున్నదని తలూపినం.

అల విరిగే జాగ

మేం టీవీల చూసింది ఒడ్డుకు వచ్చే అల అనుకున్నం. కాదు. ఒడ్డుకు అవతల, నీళ్ల కింద పగడపు గట్టు ఉంటది, గోడ లెక్క. ఎక్కడికెల్లో నిమ్మలంగ వచ్చిన నీళ్లు ఆ గట్టుకు తాకంగనే లేస్తయ్, మీదికి వంగుతయ్, విరుగుతయ్. ఒక కొసకెల్లి ఇంకో కొసకు, చాప చుట్టినట్టు. నీళ్లు ఎంత తేటగున్నయంటే అల లేసినప్పుడు దాని కడుపుల గట్టు కనవడ్తది, చాకులు నిలబెట్టినట్టు. గట్టు పక్కపొంటి లోతైన పాయ ఉంటది, అక్కడ అల విరగది. టైటస్ తన దోనెను అక్కడ నిలబెట్టిండు. దాంట్ల నేను, నా తాడు.

దూరంగ ఒక తెరచాప పడవ ఉండె. దానిలకెల్లి ఒక తెల్లాయన చెక్క మీద బోర్ల పండుకొని చేతులతోని నీళ్లు తోసుకుంట వచ్చిండు. ఎండకు పండిన మిరపకాయ రంగున్నడు. ఒక అల ముందు లేసి నిలబడి, ఏం గానట్టు జారుకుంట పోయిండు. రహీం నోరు తెరిచి చూసిండు. నేను చూసింది వేరే. ఆయన మడిమకు తాడు ఉన్నది.

"చూసినవా, తెల్లోడు సుత తాడు కట్టుకున్నడు" అన్న.

"అది చెక్కకు కట్టుకున్నడ్రా, పోకుంట. మనిషికి గాదు."

"తాడు తాడే" అన్న. బాయిల తాడు లేకుంట ఏ బండి కదలది. తాడు తెగితే టబ్బులు పట్టాలమీద ఏటవాలుకు పడి పోతయ్, ముందటేముందో చూడయ్. నేను బాయిల మొదటి పొద్దు నేర్చుకున్నది ఇదొక్కటే. రహీం నడుముకు గట్టిగ కట్టిన. "ఒక్కసారి గుంజితే ఆపుడు. రెండుసార్లు గుంజితే వదులుడు. మూడుసార్లు గుంజితే నేను నిన్ను దోనెలకు గుంజుత. యాదికున్నదా?"

"ట్రైనింగు ఇక్కన్నే మొదలుపెట్టినవ్" అన్నడు.

మొదటి అల వచ్చింది. రహీం మోకాళ్ల మీద లేసిండు. నా చేతుల తాడు టక్, టక్, టక్‌మని మూడుసార్లు గుంజింది. నేను హాలేజీ మనిషిని. మూడంటే గుంజాలె. గుంజిన. రహీం చెక్క మీదికెల్లి ఎనుకకు, మెడతాడు గుంజిన బర్రె లెక్క వచ్చి పడ్డడు.

"ఎందుకు గుంజినవ్?"

"నువ్వే గద మూడు కొట్టినవ్."

"నేను ఏం కొట్టలే."

మళ్ల పోయిండు. మళ్ల మూడు. మళ్ల గుంజిన. ఆ పూటంత గిట్లనే నడిచింది. కొట్టేది సముద్రమని తెలిసేసరికి రహీం మోకాళ్లు, మోచేతులు పగడానికి గీరుకపోయి రక్తం కారుతున్నయ్. తెల్సినా నేను గుంజుడు ఆపలే. అది సముద్రమో, వాడో నాకెట్ల తెలవాలె? మూడు కొట్టినంక గుంజకుంటే, అది వాడే అయితే?

టైటస్ దోనె కొసకు ఒరిగి కొబ్బరి నములుకుంట చూస్తున్నడు. "మంచి చేప పడ్డది నీకు" అన్నడు నాతోని. "ఇంటికి తీస్కపోతవా, వదిలేస్తవా?"

తెల్లాయన దగ్గరికొచ్చి మా చెక్కను తడిమి, కండ్లు చూసి ఉబ్బిపోయిండు. పాదాలు జారకుంట మైనం రుద్దాలని చేతులతోని చూపించిండు. తాడు చూపించి తల అడ్డం ఊపిండు. నాకు ఇంగ్లీషు రాదని ఊకున్న.

సాయంత్రం మార్తా రహీం దెబ్బల మీద నిమ్మకాయ పిండింది. పగడం గీసిన పుండుకు అదే మందంట. వాడు అరిచిన అరుపుకు పందులు లేసి నిలబడ్డయ్. ఆ పొద్దు దీవిల రహీం మూలంగ నిలబడ్డది అవి మాత్రమే.

రెండు

రెండో పొద్దు అల పెద్దగున్నది. రహీం చెక్కకు కొవ్వొత్తి రుద్దుకున్నడు. నేను తాడుకు ఇంకో ముడేసిన.

వాడు లేవబోయిండు, అల వాని మీదికెల్లి విరిగింది. తాడు మూడుసార్లు గుంజలే. ఒక్కసారి గుంజి అట్లనే బిగుసుకొని ఉండిపోయింది. చెక్క ఒక్కటే తేలింది, కండ్లు నా దిక్కే. రహీం లేడు.

గుంజిన. బండకు కట్టిన తాడును గుంజినట్టున్నది. ఇంకా గట్టిగ గుంజిన. టైటస్ కొబ్బరి పారేసి లేసి నిలబడ్డడు. అప్పుడు తాడుల రెండు కొట్టింది. ఆగింది. మళ్ల రెండు.

సముద్రం ఏం కొట్టినా లెక్క లేకుంట కొడ్తది. ఒక్క తీరుగ, మధ్యల ఆగి, రెండుసార్లు కొట్టేది మనిషి. గానీ రెండంటే దించాలె. నీళ్ల కింద ఉన్న మనిషి తనను ఇంకా కిందికి దించుమంటున్నడు. నా చేతులు ఇనలే. అమ్మీ నా చేతుల పెట్టింది వీన్ని. ఈ చేతులతోని ఎట్ల వదులుత?

మూడోసారి రెండు కొట్టిండు. మెల్లగ.

మా హాలేజీ గదిల మేం కొత్తోనికి చెప్పేది ఒక్కటే: కిందున్నోనికి కనవడేది నీకు కనవడది, నీ తెలివి జేబుల పెట్టి వాడు కొట్టింది చెయ్యి. వదిలిన. చేతుల తాడు, దోనెల చుట్ట, అంతా నీళ్లల్ల పడేసిన.

రహీం గట్టుకు అవతలి దిక్కు లేసిండు. దగ్గిండు, ఉమ్మిండు, చేతుల తాడు కొస పట్టుకొని ఉన్నడు. నీళ్ల కింద తాడు పగడపు కొమ్మల ఇరికిందంట. నేను గుంజినకొద్ది వాన్ని గట్టుకు కట్టేసినట్టైంది. జర వదులైతే తప్ప తీసుకునే దిక్కు లేదు. నేను కాపాడుతున్న కొద్ది మునుగుతున్నడన్న మాట.

టైటస్ చెయ్యిచ్చి దోనెలకు ఎక్కించిండు. రహీం ఊపిరి తీసుకొని, "రెండు కొడితే ఇంతసేపా?" అన్నడు. "డ్యూటీల గిట్ల చేస్తే చార్జిషీట్ ఇస్తరు నీకు."

తాడు లేని పొద్దు

"రేపు తాడొద్దు" అన్నడు రహీం, చేప తినుకుంట.

"అమ్మీకి ఏం చెప్పాలె?"

"అమ్మీ నీ చేతుల పెట్టింది. నడుముకు కట్టుమన్లే."

 

తెల్లారి తాడును టైటస్ ఇంట్ల గుంజకు చుట్టి వచ్చిన. దోనెల నా చేతులకు పని లేదు. ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. చివరికి గోదావరిఖనిల స్టూడియో ఆయన దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరా పట్టుకున్న, కాపలాకు ఏదో ఒకటి ఉండాలె గద.

రహీం చాలసేపు చెక్క మీద కూసున్నడు. వచ్చినవాటిని పోనిచ్చిండు. బాయిల కొత్తోడు కప్పు కింద నిలబడి చప్పుడు విన్నట్టు కూసున్నడు. అప్పుడొకటి వచ్చింది, పెద్దది గాదు, చిన్నది గాదు. రెండు చేతులతోని నీళ్లు తోసిండు. మోకాలు. పాదం. ఇంకో పాదం.

నిలబడ్డడు.

ఎంతసేపో చెప్ప. ఒక బీడీ దమ్ము గుంజి వదిలినంత. అల వాని పక్కన లేసి మీదికి వంగింది, ఎండ దానిలకెల్లి పచ్చగ వాని మీద పడ్డది. నేను గుర్తుపట్టిన. మోకాళ్లు వంచి, మెడ ముందుకు పెట్టి, తల దించి, ఒక భుజం కిందికి. అట్ల నడిచేటోన్ని నేను ఎరుగుదు. కప్పు తక్కువున్న జాగల ఖాసిం కాక నడిచే నడక అది. రహీం వాళ్ల నాయిన్ను బాయిల ఎన్నడు చూడలే.

నేను దోనెల లేసి నిలబడ్డ. "మీద బండ లేదురా, తల ఎత్తు" అని అరిచిన.

ఎత్తిండు. ఎత్తంగనే పడ్డడు.

నీళ్లల్ల నుంచి లేసి నన్ను తిట్టిన తిట్లు దక్కనీల కొన్ని, తెలుగుల కొన్ని. టైటస్‌కు రెండు అర్థం గాకున్నా బాగ నవ్విండు. తర్వాత రహీం మళ్ల ప్రయత్నం చెయ్యలే. చెక్కను నెత్తి మీద పెట్టుకొని, గట్టు మీదికెల్లి ఒడ్డుకు నడుచుకుంట పోయిండు, పొలంకెల్లి వచ్చేటోని లెక్క. నిలబడుడు అయిపోయింది, ఇగ ఇంటికి.

చెక్కను టైటస్‌కు ఇచ్చినం. ఆయన దాన్ని వంటింటికి తలుపు పెట్టుకున్నడు. మార్తా దాని మీద మేకు కొట్టి సిలువ తగిలించింది. శ్రీ, 786, సిలువ, కింద "దూరం పాటించుము". పోర్ట్ బ్లేర్ల పైడమ్మకు చెప్తే, "నాను ఓడలోనే అన్నాను కదా తలుపని" అన్నది. నిలబడ్డడన్న మాట ఆమెకు దాని తర్వాత చెప్పినం. రెండు చేపలు ఎక్కువేసింది.

చౌరస్తా

స్టూడియోల ఫొటో కడిగితే, మంచి అల వచ్చింది. అల మీద పసుపు చెక్క, దాని రెండు కండ్లు సాఫ్‌గ వచ్చినయ్. రహీం లేడు. నేను తల ఎత్తుమని అరిచినంక బటన్ నొక్కిన.

చాయ్ హోటల్ల అందరు చూసిండ్రు. "చెక్క నిలబడ్డది, మంచిదే" అన్నడు సేటు. ఇంతకు ముందైతే రహీం హోటలంత లేపేటోడు. ఈపాలి చాయ్ తాగి, గ్లాసు పెట్టి, "వీడు చూసిండు, సాలు" అన్నడు. వీడు అంటే నేను. అబద్ధాలు చెప్పుటంల నాకున్న పేరుకు నన్ను సాక్ష్యం పెట్టుకునుడు వాని ఖర్మ.

అమ్మీ మోకాళ్ల మీది మచ్చలు చూసి నన్ను చూసింది. "చేతులల్లనే ఉన్నడు అమ్మీ" అన్న. ఖాసిం కాక మంచం మీదికెల్లి మొఖం మా దిక్కు తిప్పి, "నిలబడ్డడా?" అని అడిగిండు. నిలబడ్డడన్న. "ఎట్ల?" అన్నడు. నేను వంగి చూపించబోయిన. ఆయనకు కండ్లు సాఫ్‌గ కనవడయ్ గద. చెయ్యి పట్టుకొని నా మెడ మీద, భుజం మీద పెట్టిన. కాక తడిమి చూసిండు. ఒక్కసారి భుజాన్ని ఇంకా జర కిందికి నొక్కి సరిచేసిండు.

ట్రైనింగు అయినంక రహీంను మా లైన్లనే ఏసిండ్రు. కింద టబ్బులకు తాడు తగిలిచ్చి బెల్లు కొట్టే పని. మొదటి పొద్దు కొత్తోళ్లందరు కప్పుకు తల కొట్టుకొని టోపీలు సొట్టలు పెట్టుకుంటరు. వీని టోపీకి గీత పడలే. "ఎవలు నేర్పిండ్రురా?" అని కింద పని చూసే సర్దార్ అడిగితే, సముద్రం అన్నడంట. సర్దార్ అది పొగరు అనుకున్నడు.

ఆ పొద్దు నేను పైన యంత్రం కాడ ఉన్న. తాడు కదలకుంట ఏటవాలుల కిందికి పోయి, చీకట్ల కలిసిపోయింది. చేతులు లీవర్ మీద పెట్టుకొని కూసున్న. బెల్లు కొట్టింది.

మూడు. ఒక్క తీరుగ, ఏం తొందర లేకుంట.

గుంజిన.